పెంకు లేని గోడ

మూగకోట దిగువ పొలం కింద నగరం ఉందని నేను మొదటిసారి అన్నప్పుడు మా తమ్ముడు యూనుస్ పగలబడి నవ్వాడు. రెండోసారి అన్నప్పుడు నవ్వలేదు. అప్పటికే ఆ పొలంలో వాడి కొడుక్కి ఇంటి స్థలం ఇస్తామని ఊరి పెద్ద మాటిచ్చేశాడు.

మా ఊరు తూత్‌జార్. పంజకెంత్ నుంచి జరఫ్‌షాన్ ఏటి వెంట బస్సులో వస్తే నడుం విరిగేంత దూరం. ఊరిని ఆనుకుని ఒక దిబ్బ, దిబ్బ మీద పాతకాలపు కోట గోడలు ఉన్నాయి. అది ఎవరు కట్టారో చెప్పే రాత ముక్క ఒక్కటీ దొరకలేదు కాబట్టి మా వాళ్లు దానికి మూగకోట అని పేరు పెట్టారు. ప్రభుత్వం ఎప్పుడో దిబ్బ చుట్టూ కంచె వేసి ఊరుకుంది. కంచె అవతల ఏటి దాకా పరుచుకుని ఉన్నదే దిగువ పొలం. సమష్టి వ్యవసాయ క్షేత్రం రోజుల్లో పొగాకు వేయడానికి దాన్ని బుల్డోజర్లు పెట్టి చదును చేశారు.

నా వాదనలో తిరకాసేమీ లేదు. కోటలో దొర ఉంటాడు. దొరకి రొట్టె కాల్చేవాడు, కుండలు చేసేవాడు, పట్టు నేసేవాడు, ద్రాక్ష తొక్కేవాడు ఎక్కడుంటారు? వెయ్యేళ్లకి పైగా కిందట ఈ లోయలో బతికి, చైనా దాకా పోయి వచ్చిన సుగ్దీ వర్తకులు ఒంటెల మీది సరుకు ఎక్కడ దించుతారు, దొరగారి పడగ్గదిలోనా? కిందే దించుతారు. కింద నగరం ఉండి తీరాలి. నేను ముప్పై ఏళ్లుగా పాత ఊళ్ల కోసం మట్టి తవ్వుతున్న మనిషిని. ఒక చోట ఏదో ఉందని అన్నానంటే అక్కడ ఏదో ఒకటి ఉంటుంది. ఇది గొప్ప కోసం అనడం లేదు. నాతో పనిచేసినవాళ్లని అడగండి, తిట్టుకుంటూ అయినా ఒప్పుకుంటారు.

వేసవి చివర్లో రాజధాని దుషాన్బే నుంచి పురావస్తు శాఖ సంఘం వస్తుంది. దిగువ పొలం పాత నగరంలో భాగమని వాళ్లు తేల్చితే కంచె ఏటి దాకా జరుగుతుంది. లేదంటే పొలాన్ని ఇళ్ల స్థలాలుగా పంచేస్తారు. ఆ పంపకంలో మొదటి పేరు నా మేనల్లుడు ఫర్రుఖ్‌ది. శరత్కాలంలో వాడి పెళ్లి. మా యూనుస్ మట్టిగోడల మేస్త్రీ. ఏటికి ఈ పక్కన వాడి చేయి పడని ఇల్లు లేదు. సొంత కొడుక్కి మాత్రం గోడ లేపడానికి జానెడు జాగా లేదు.

నేను వేసవిలో ఉండేది వాడింట్లోనే. తవ్వకం మొదలుపెట్టే రోజు పొద్దున పెరట్లో చెక్క అరుగు మీద రొట్టె, పెరుగు పెట్టుకుని కూర్చున్నాం. వాడు రొట్టె తుంపుతూ తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కా, నీకు చచ్చినవాళ్ల ఇళ్ల మీద ఉన్న బెంగ బతికున్నవాళ్ల ఇంటి మీద లేదు."

"బతికున్నవాళ్లు ఎక్కడైనా కట్టుకోవచ్చురా. చచ్చినవాళ్లు ఇల్లు మారలేరు కదా."

"ఎక్కడైనా అంటే ఎక్కడ? నీ మ్యూజియంలోనా?"

మా మరదలు బిబిగుల్ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "మీకేం వదినా, మావయ్యగారు మీకు జల్దారు తోట ఇచ్చి పోయారు. రిటైరయ్యాక అందులో ఇల్లు వేసుకుని పళ్లు తింటూ కూర్చుంటారు. మాకేముంది, ఈ నాలుగు గోడలు, ఈయన గారి నడుంనొప్పి."

"నువ్వు నోర్మూసుకో," అన్నాడు యూనుస్. తోట మాట ఎత్తడం వాడికి నచ్చదు. ఒకరి దగ్గర చేయి చాచే రకం కాదు వాడు. నా దగ్గరైతే అసలే కాదు. ఆ తర్వాత కెటిల్ తీసుకుని నా పియాలాలో టీ పోశాడు. అంచు దాకా, నిండా పోశాడు.

మా దగ్గర ఆత్మీయులకి టీ అడుగున కాస్తే పోస్తారు. అయిపోతే మళ్లీ పోస్తాం, మళ్లీ మళ్లీ పోస్తాం, కూర్చోండి అని దాని అర్థం. నిండా పోసి ఇచ్చారంటే తాగేసి దయచెయ్యమని. సొంత తమ్ముడు, నేను ఎత్తుకు తిరిగినవాడు, పుట్టినింట్లో కూర్చోబెట్టి నాకు నిండు పియాలా ఇచ్చాడు. ఒళ్లు మండిపోయింది. ఆ పియాలా నేను విసిరికొట్టానని బిబిగుల్ ఇప్పటికీ అంటుంది. చేయి జారిందని నేనంటాను. ఏమైతేనేం, నీలం మీద తెల్ల పత్తిపువ్వున్న ఆ పియాలా అరుగు కింది రాయి మీద పడి నాలుగైదు ముక్కలైంది. బిబిగుల్ ముక్కలు ఏరి పాత గుడ్డలో మూటకట్టి అలమరలో పెట్టింది. ఎప్పటికైనా అతికే మనిషి వస్తాడని మా ఆడవాళ్లు పింగాణీ ముక్కలు పారేయరు.

ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. అంటే, దెబ్బలాడుకోవడానికి తప్ప మాట్లాడుకోలేదు.

మొదటి గుంతలో ఏమీ రాలేదు. బుల్డోజర్ అన్నిటినీ కలగాపులగం చేసి పోయింది. సుగ్దీ కూజా మూతి పక్కనే ట్రాక్టర్ బోల్టు, దాని కింద గొర్రె దవడ. ఏది ఏ కాలందో చెప్పడానికి వీల్లేదు. పూడ్చేముందు అడుగున ఆ సంవత్సరం ముద్ర ఉన్న నాణెం ఒకటి వేశాను. అది మా పనివాళ్ల అలవాటు. ఇక్కడిదాకా ఫలానా ఏడాదిలో తవ్వేశారు, ఇది పాతది అనుకుని మోసపోకండి అని తర్వాత వచ్చేవాళ్లకి చెప్పడం. ఫర్రుఖ్ నా దగ్గరే పారపనికి కుదిరాడు. వాడికి అన్నం తెచ్చిన యూనుస్ గట్టు మీద నిలబడి ఇది చూశాడు.

"డబ్బు నాటితే మొలుస్తుందా అక్కా? మొలిస్తే నాకూ ఓ అంటు ఇయ్యి."

"తెలివి నాటితే మొలుస్తుందేమో చూస్తున్నా. ముందు నీ తలలో ప్రయత్నించాలి," అన్నాను.

ఫర్రుఖ్ పార మీద గడ్డం ఆనించి నవ్వాడు. తండ్రి చూపు పడగానే నవ్వు ఆపేశాడు.

రెండో గుంతలో గోడ తగిలింది.

మట్టిలో మట్టిగోడని పట్టుకోవడం అంటే ఏమిటో మా పని చేసినవాళ్లకే తెలుసు. రంగు అదే, వాసన అదే. తాపీ అంచు కింద చప్పుడు కొద్దిగా మారుతుంది, అంతే. ఆ చప్పుడు విని నేను పని ఆపించాను. మోకాళ్ల మీద కూర్చుని నేనే గీక్కుంటూ వెళ్లాను. సాయంత్రానికి ముఖం బయటపడింది. తిన్నని గోడ, పైన ఎద్దుబండి నడిపించగలిగినంత వెడల్పు. పైభాగం బుల్డోజర్ చెక్కేసింది, మిగిలింది మొల ఎత్తు మాత్రమే. అయినా అది నగరం చుట్టూ కట్టిన ప్రాకారమే.  ఫర్రుఖ్‌ని పట్టుకుని ముద్దు పెట్టేశాను. పాపం సిగ్గుపడిపోయాడు. ఆ గోడ తనకి ఇల్లు లేకుండా చేస్తుందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. 

మర్నాడు యూనుస్ వచ్చాడు. గుంతలోకి దిగి, గోడ మీద అరచేయి పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. మట్టిగోడని వరసలుగా వేస్తారు. వరస పచ్చిగా ఉన్నప్పుడే పారతో గంట్లు కోస్తారు, ఎండేటప్పుడు గోడ తన ఇష్టం వచ్చినట్టు పగలకుండా. ఈ గోడలో ఆ గంట్లు నిలువుగా లేవు, ఏటవాలుగా ఉన్నాయి. మా ఇంట్లో కూడా అలాగే కోస్తారు. మా తాత మీర్‌అలీ అలా కోసేవాడు, నాన్న అలా కోశాడు, యూనుస్ అలా కోస్తాడు.

వాడు నా వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, ఇది తాత వరదగోడే!"

ఊరంతటికీ తెలిసిన కథే అది. సమష్టి క్షేత్రం రోజుల్లో ఒక వసంతంలో కొండ బురద ముంచుకొచ్చి పొగాకు అంతా పోతే, మళ్లీ రాకుండా తాత దిగువ పొలంలో లావాటి గోడ కట్టించాడు. రెండేళ్ల తర్వాత మరో బురద వచ్చి గోడనే మింగేసింది, దాని మీద మళ్లీ బుల్డోజర్లు నడిపి చదును చేశారు. ఎక్కడ కట్టాడో చూపించగలిగేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"నీకు గోడ కనిపిస్తే చాలు, తాతదే అంటావు," అన్నాను.

"నీకు గోడ కనిపిస్తే చాలు, సుగ్దీ రాజుది అంటావు. గంటు చూడవే! మన చేతి గంటు నేను గుర్తుపట్టనా?"

అప్పుడే ఫర్రుఖ్ పారకి గోడ పాదం దగ్గర నల్లటిది ఒకటి తగిలింది. లాగితే రబ్బరు బూటు అడుగు వచ్చింది. యూనుస్ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని గట్టెక్కాడు. పొలంలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా కేకపెట్టాడు. "మీ రాజుగారి చెప్పు దొరికిందహో!"

సాయంత్రానికి ఊరంతా పాకింది. ఊరి పెద్ద నిజాముద్దీన్ ఎదురుపడి మరీ పలకరించాడు. "ఏం సలొమత్, మీ తాత గోడని నువ్వే తవ్వి తీశావటగా. మంచి మనవరాలివి."

నాకు ఒకటే దారి కనిపించింది. ఆ గోడ మట్టిలోంచి ఒక్క పాత కుండ పెంకు తీసి చూపిస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి. సంఘం వచ్చేదాకా మిగిలిన రోజులన్నీ ఆ ఒక్క పెంకు కోసం వెతికాను. గోడని సన్నగా చెక్కాను, మట్టి జల్లెడ పట్టాను, వేళ్లతో నలిపాను. అంత శుభ్రమైన మట్టి నేను పుట్టి ఎరగను. ఏమీ లేదు. పైకి మాత్రం ధీమాగానే తిరిగాను. నిజం చెప్పాలంటే లోపల కూడా ధీమాగానే ఉన్నాను. ఆ గోడ పాతదని నా చేతికి తెలుసు. చేతికి తెలిసింది నోటితో ఎలా చెప్పాలో తెలియలేదు, అంతే.

సంఘానికి పెద్దగా వచ్చినవాడు బెహ్జోద్. యూనివర్సిటీలో నాకన్నా చిన్న. తెలివైనవాడు, మర్యాదస్తుడు, అనవసరంగా ఎవరినీ నొప్పించడు. అందుకే వాడంటే భయం. గుంతలో పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. గోడ ఈ పక్కా ఆ పక్కా మట్టి చూశాడు, బుల్డోజర్ కెలికిన గుర్తులు చూశాడు, రబ్బరు బూటూ చూశాడు. చివరికి చేతులు దులుపుకుని లేచాడు.

"సలొమత్ అక్కా, మీరు చెప్పారంటే నాకు నమ్మాలనే ఉంటుంది. కానీ రెండు పక్కలా పొరలు చెడిపోయాయి. గోడలో ఒక్క పెంకు లేదు. పాతదని నేను ఏం చూపించి రాయను?"

"నా మొహం చూసి రాయి."

"మీ మొహం కాగితానికి అంటించి పంపితే ఒప్పుకుంటారేమో గానీ అక్కా, దానికి సీలు వెయ్యాలిగా," అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కోపంలోనే.

మధ్యాహ్నం భోజనం యూనుస్ ఇంట్లో ఏర్పాటు చేశారు. పెరట్లో పెద్ద బాణలిలో పలావు, పైన వెల్లుల్లి గడ్డలు, గొర్రె మాంసం. నిజాముద్దీన్ సంఘం వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని విందు తనే ఇస్తున్నట్టు హడావిడి చేశాడు. ఫర్రుఖ్ చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ తిరుగుతున్నాడు. వాడి కళ్లు ఆ రోజు మెరుస్తున్నాయి. నేను అటు చూడలేకపోయాను.

"ఆ గోడంటే మామూలు గోడనుకున్నారా!" అంటున్నాడు నిజాముద్దీన్, నోట్లో ముద్ద ఉండగానే. "దిబ్బ పక్కన మీర్‌అలీ గొయ్యి చూశారుగా, ఒంటె పడుకుంటే కనపడదు. ఆ మట్టంతా ఆ గోడకే పోయింది. మా నాన్న స్వయంగా గాడిదల్ని తోలాడు. దిబ్బ మట్టికి సాటి ఏముందండీ! దగ్గర్లోనే ఉంది, పాత మట్టి, తొక్కగానే వెన్నలా అయిపోతుంది."

ఆ గొప్పలు వింటూ కూర్చోలేక లేచాను. బిబిగుల్ వెనక నుంచి "వదినా, మాంసం చల్లారిపోతుంది" అంటున్నా వినిపించుకోకుండా వీధి గుమ్మం దాటి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా ఇంటి గోడ అది, తాత కట్టిందే. చిన్నప్పుడు నన్ను తిట్టి బయట నిలబెడితే ఇక్కడే నిలబడేదాన్ని. ఏడుస్తూ గోటితో గోడ గీకి పెంకులు ఊడబీకేదాన్ని. ఒక్కో పెంకు మీద ఒక్కో గీత, ఒక్కో రంగు. తాత చూసి చెవి మెలిపెట్టేవాడు, గోడ కూలుస్తావా అని. నేను ఈ పనిలోకి వచ్చానంటే ఆ పెంకుల వల్లే వచ్చాను.

చేయి దానంతట అదే గోడ గీకుతోంది. గోటికి ఏదో తగిలింది. లాగితే వచ్చింది. ఎర్రటి పెంకు, అంచున వేలితో నొక్కిన గుంటలు. సుగ్దీ కుండ.

దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆ పక్కన ఇంకోటి. దాని పైన ఇంకోటి. మా ఇంటి గోడ నిండా పెంకులే. ఎదురింటి గోడ నిండా, మసీదు ప్రహరీ నిండా, ఊళ్లో ఏ గోడ చూసినా అవే. దిబ్బ మట్టితో కట్టారు కాబట్టి దిబ్బలో ఉన్న పాతకాలమంతా ముక్కలై మా గోడల్లో ఉంది. తాత వరదగోడ కూడా దిబ్బ మట్టే. ఆ మాట లోపల కూర్చుని పలావు తింటున్న పెద్దమనిషి తన నోటితోనే అన్నాడు.

మరి పొలంలో ఉన్న గోడలో ఒక్క పెంకు కూడా ఎందుకు లేదు?

ఎందుకంటే అది కట్టిన రోజున ఇక్కడ పగిలిన కుండే లేదు. దిబ్బ లేదు, కూలిన ఇళ్లు లేవు, ఎవరూ ఇంకా కాపురం మొదలుపెట్టలేదు. ఖాళీ నేల మీద, తాజా మట్టి తవ్వి, వచ్చినవాళ్లు మొట్టమొదట కట్టుకున్న గోడ అది. ఇన్ని రోజులు నేను దాని పాతదనం చూపించడానికి పెంకు కోసం వెతికాను. పెంకు లేకపోవడమే దాని వయసు. నాలాంటి మొద్దు మొహాన్ని నేనే ఎక్కడా చూడలేదు. వీధిలో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను.

లోపలికి వెళ్లి పెంకుని బెహ్జోద్ ముందు, రొట్టెల పక్కన పెట్టాను.

"నిజాముద్దీన్ గారూ, ఇందాక అన్న మాట మళ్లీ ఒకసారి అనండి. వరదగోడకి మట్టి ఎక్కడిది?"

"మీర్‌అలీ గొయ్యిది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీ నాన్నగారే గాడిదల్ని తోలారుగా?"

"తోలాడమ్మా. అబద్ధమా?"

"అబద్ధం అననే అనను. ఆ గొయ్యి మట్టిలో ఈ పెంకులు ఎన్ని ఉంటాయో బెహ్జోద్‌కి చెప్పండి. లేదంటే ఈ ఇంటి గోడని అడగండి, అదీ దిబ్బ మట్టే."

బెహ్జోద్ పెంకుని అటూ ఇటూ తిప్పాడు. గోడ వైపు చూశాడు. వాడికి వెంటనే అర్థమైంది, కానీ మెల్లగా యూనుస్ వైపు తిరిగాడు.

"మేస్త్రీగారూ, ఈ పనిలో మీ మాటే చెల్లుతుంది. మీ తాతగారు ఇంకెక్కడినుంచైనా మట్టి తెచ్చి ఉండొచ్చా?"

 తెచ్చి ఉండొచ్చు అని ఒక్క మాట అంటే చాలు. ఏటి గట్టు మట్టి కావచ్చు అని గొణిగినా చాలు. ఎవరూ కాదనలేరు. ఫర్రుఖ్ నీళ్ల కూజా పట్టుకుని నిలబడిపోయాడు. యూనుస్ కొడుకు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. లేచి నిలబడి, "గుంత దగ్గరికి పదండి," అన్నాడు.

అందరం వెనకే వెళ్లాం. వాడు గుంతలోకి దిగి గోడలోంచి గుప్పెడు మట్టి తీశాడు. సీసాలోని నీళ్లు కాసిన్ని పోసి అరచేతిలో పిసికాడు. ఉండ చేశాడు, చిదిమాడు, మళ్లీ ఉండ చేశాడు. బొటనవేలితో సాగదీసి చూశాడు. పిసుకుతూ ఉండగా వాడి ముఖం మారడం నేను చూశాను. ఆ క్షణంలో నా నగరం కన్నా నా తమ్ముడు నాకు ఎక్కువ అనిపించింది. వద్దులేరా, ఏదో ఒకటి చెప్పేయ్ అని అరవబోయాను. 

"ఇది మా తాత మట్టి కాదు," అన్నాడు యూనుస్.

"ఏం మాట్లాడుతున్నావు?" నిజాముద్దీన్ గట్టు మీద నుంచి గయ్యిమన్నాడు. "నువ్వే కదయ్యా గంటు చూసి చెప్పావు!"

"గంటు మాదే. చెయ్యి మాది కాదు. మాకు నేర్పినవాళ్లకి నేర్పినవాళ్లు, వాళ్లకి నేర్పినవాళ్లు ఎవరో కోశారు. మా తాత బతుకంతా దిబ్బ మట్టి తప్ప ఇంకోటి తొక్కలేదు. ఆయన కాళ్లు నేను కడిగేవాణ్ణి, పెంకులు కోసిన గాట్లుండేవి అరికాళ్ల నిండా. ఈ మట్టి తొక్కినవాడి కాళ్లకి గాటు పడదు."

"మరి నీ కొడుకు స్థలం?"

"పోతే పోయింది. ఆయన కట్టని గోడని ఆయన కట్టాడని నా నోటితో చెప్పి, అందులో నా కొడుకుని కాపురం పెట్టనా?"

నిజాముద్దీన్ టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. బెహ్జోద్ గుంతలోకి దిగి యూనుస్ మట్టిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే పొలం మొత్తం నగరంలో భాగంగా రాశాడు. గోడ ఎటు పోయిందో ఆ వెంటే తవ్వమని నాకు అనుమతి ఇచ్చాడు. మరుసటి ఏడు బుల్డోజర్ చేరని చోట, ఊరి దారి కింద, అదే గోడలో నగర ద్వారం దొరికింది. గడప రాయి మీద బండి చక్రాల గాడి కూడా చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన పొరలన్నీ కుదురుగా ఉన్నాయి, అడుగున నేల మీద ఒక్క పెంకు లేదు. నేను చెప్పినట్టే.

ఆ ద్వారం దొరకడానికి ముందే జరగాల్సింది ఒకటి జరిగింది. సంఘం వెళ్లిన మర్నాడు ఫర్రుఖ్‌ని ఏటి గట్టు మీది నా జల్దారు తోటకి తీసుకెళ్లాను. మొదటి రెండు వరసల చెట్లు మా నాన్న నాటినవి, కాయ చిన్నది, తేనె కారుతుంది. వాటిని తియ్యకపోతే ఇంటికి చోటు లేదు.

"ఇక్కడ కట్టుకోరా," అన్నాను.

"నాన్న ఒప్పుకోడు అత్తా."

"మీ నాన్నని నేను అడగడం లేదు. నీకిస్తున్నా. వాడు రాకపోతే వేరే మేస్త్రీని పిలుస్తానని చెప్పు. పక్క ఊరి గఫూర్ ఉన్నాడుగా, వంకర గోడల గఫూర్."

ఆ దెబ్బ పనిచేసింది. గఫూర్ పేరు వినగానే యూనుస్ పార భుజాన వేసుకుని వచ్చేశాడు. రావడం రావడమే తిట్టుకుంటూ వచ్చాడు. చెట్లు కొట్టిన రోజు మాత్రం మొద్దుల్ని తనే మోసి ఒక పక్కన పేర్చాడు. తలుపులు ఈ కర్రతోనే చేయిస్తానన్నాడు.

గోడ లేపే రోజు ఊరంతా సాయానికి వచ్చింది. మొహం ముడుచుకున్నా నిజాముద్దీన్ కూడా వచ్చాడు, సాయం పనికి రానివాణ్ణి మా ఊళ్లో ఎవరూ క్షమించరు. దిబ్బ మట్టి ముట్టుకోవద్దని ముందే చెప్పాను. ఏటి గట్టు నుంచి తాజా మట్టి తెచ్చారు. మగవాళ్లు పాటలు పాడుతూ తొక్కారు, ఒక్కరి కాలికీ గాటు పడలేదు. యూనుస్ పునాది మీద మొదటి వరస పరిచి, పార ఎత్తి గంటు కొయ్యబోయి ఆగాడు.

"బిబిగుల్, ఆ మూట ఏదీ?"

"ఏ మూట?"

"అలమరలోదే. అక్క విసిరికొట్టింది."

"చేయి జారింది," అన్నాను.

బిబిగుల్ వెంట తెచ్చిన మూట విప్పింది. నీలం మీద తెల్ల పత్తిపువ్వు ముక్కలు. యూనుస్ ఒక్కో ముక్కా తీసుకుని పచ్చి మట్టిలోకి బొటనవేలితో నొక్కాడు. "శుభ్రమైన మట్టి గోడ అక్కా ఇది. రేపెప్పుడో నీలాంటిది ఒకతి వచ్చి తవ్వి, పెంకు లేదు, ఇదే మొట్టమొదటి గోడ అని ఊరిమీద పడుతుంది. పాపం మోసపోకూడదు కదా. నాణెం వేద్దామంటే నా దగ్గర లేదు."

"పువ్వు కిందికి పెట్టు," అన్నాను.  "రంగు నిలుస్తుంది."

వాడు ముక్క తిప్పి పెట్టాడు. పైన మట్టి వేసి పారతో కొట్టి, ఏటవాలుగా గంటు కోశాడు. ఆ తర్వాత కాలవలో చేతులు కడుక్కుని వచ్చి, నేను కూర్చున్న చాప అంచున కూర్చున్నాడు. కెటిల్ తీసుకుని ఒక పియాలాలో టీ పోసి, ఎడమ చేయి గుండెల మీద పెట్టుకుని నాకందించాడు. తొంగి చూస్తే అడుగున రెండు గుక్కలకి మించి లేవు.